కడగని కత్తెర

ఆ ఏడు శ్రావణంలో మా ఊరికి వచ్చిన వ్యాను మీద చెట్టు బొమ్మ లేదు, కాయ బొమ్మ లేదు. గని యజమాని బొమ్మ ఉండింది. రెండు చేతులూ జోడించి, బండి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆయనే. ఆయన మోచేతి కింద ఎక్కడో, మా వైపు బడిలో నేర్పే కన్నడంలో, సన్న అక్షరాలతో, పంటల రోగాలు పరీక్ష చేసే బండి అని రాసి ఉండింది. ఏడో తరగతి చదివిన నాకు అది చదవడానికి కాసేపు పట్టింది. దండం పెట్టే మనిషిని గుర్తు పట్టడానికి మాత్రం ఊళ్ళో ఎవరికీ చదువు అక్కర్లేకపోయింది.

ఆయన కొండలు తవ్వి ఇనుప మన్ను చైనాకు పంపుతాడు. ఆ మన్ను మోసే టిప్పర్లు మా ఊరి నడుమ నుంచే పోతాయి. పోతూ పోతూ మా ఇళ్ళ మీద, గుడ్డల మీద, పిల్లల అన్నం మీద ఎర్రదుమ్ము పోసి పోతాయి. ఇప్పుడు ఆ దుమ్ము పడిన చెట్లకు ఏం రోగమో చూడమని ఆయనే డాక్టరును పంపించాడు. బుర్ర పగలగొట్టినవాడే పసుపు పంపినట్టు.

మా ఊరంతా దానిమ్మ. ఆ ఏడు నాలుగు వానలు పడగానే ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి. నిమ్మకాయంత కాయలు చెట్టు మీదే నిలువునా పగిలాయి. దుమ్ము వల్లే అని ఊరు తీర్మానం చేసుకుంది. ఆ తీర్మానానికి మా ఆయన వెంకటరామి పెద్ద. మా ఊళ్ళో ఏ మాటకైనా ఆయనే పెద్ద, ఎందుకంటే ఆయన చెయ్యి మంచిదని పేరు.

దానిమ్మకు కొన్నాళ్ళు నీళ్ళు మాన్పి, ఆకు రాల్పి, కొమ్మలు కత్తిరించి, మళ్ళీ నీళ్ళు వదిలితే పూత వస్తుంది. బహార్ పట్టడం అంటారు దాన్ని. కత్తిరింపు ఎవరి చేత్తో మొదలైతే వాళ్ళ హస్తవాసిని బట్టి కాపు అని మావాళ్ళ నమ్మకం. ఎప్పుడో ఒక ఏడు మా తోట విరగ్గాసింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయని ఎవరికీ గుర్తు లేదు, మా ఆయన చెయ్యి మంచిదని మాత్రం గుర్తు పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఎవరు బహార్ పట్టినా ఆయనను పిలవడం, ఆయన తన కత్తెర తీసుకుని పోవడం, ప్రతి సాలులో మొదటి చెట్టుకు ఒక కొమ్మ కోసి, టెంకాయ, తువ్వాలు తెచ్చుకోవడం. మా ఇంట్లో తువ్వాళ్ళతో ఒక పెట్టె నిండింది. తుడుచుకోవడానికి నాకొకటి ఇమ్మంటే ఇవ్వడు.

ఆ కత్తెరను కడగకూడదు. కడిగితే చేతిలో ఉన్నది నీళ్ళలో పోతుందట. దేవుని పటం కింద మేకుకు వేలాడుతుంది. శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ. దాని మీద చెట్ల జిగురు, దాని మీద మళ్ళీ కుంకుమ. చివరికి అది ఇనుమో మట్టో తెలియకుండా పోయింది.

వ్యాను బడి ముందు ఆగింది. ఊరంతా ఆకులు పట్టుకుని వచ్చింది. మా ఎదురింటి హులిగప్ప దారిలో వంగి పిడికెడు దుమ్ము తీసి తన ఆకులకు ముఖానికి పౌడరు రాసినట్టు పట్టించడం నేను కళ్ళారా చూశాను. వ్యానులోంచి దిగిన పిల్ల పేరు యశస్విని. మా మనోజ్ఞ వయసే ఉంటుంది. తెల్ల కోటు వేసుకుంది, మా ఊళ్ళో తెల్లది ఎంతసేపు తెల్లగా ఉంటుందో తెలియదు పాపం. తడిదూదితో హులిగప్ప ఆకు తుడిచింది.

"దుమ్ము పోయింది. మచ్చ పోలేదు, చూడండి."

"దుమ్ము లోపలికి దిగింది మేడం," అన్నాడు హులిగప్ప.

ఆ పిల్ల నవ్వలేదు. మచ్చ అంచును బ్లేడుతో కోసి, గాజుపలక మీద నీటిబొట్టులో పెట్టి, మైక్రోస్కోపు కింద ఉంచింది. కాసేపాగి, "రండి, మీరే చూడండి," అని మా ఆయనను పిలిచింది.

"నా కండ్లు బాగానే ఉండాయి మేడం. అద్దాల్లో చూసే వయసు ఇంకా రాలేదు."

అందరూ నవ్వారు. ఒక్కడూ కదల్లేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని భయం. మా ఊరి మగవాళ్ళ ధైర్యం అంతా చూడకపోవడంలోనే ఉంది. నాది వేరే భయం. కనపడనిది ఏదైనా నాకు కనపడేదానికంటే పెద్దదిగా తోస్తుంది. అందుకే నేను పోయి కన్ను పెట్టాను.

ఆకు కోసిన అంచు కనిపించింది. దానిలోంచి నీళ్ళలోకి తెల్లగా పొగ వస్తోంది. బీడీ పొగలాగా, ఆగకుండా.

"నీళ్ళలో పొగ యాడిదమ్మా?"

"పొగ కాదమ్మా, బ్యాక్టీరియా. మామూలు కంటికి కనపడని క్రిములు. ఆకులోంచి బయటికి వస్తున్నాయి."

"ఎట్ల వచ్చినాయి లోపలికి?"

"వాన తుంపర్లతో వస్తాయి. రోగమున్న అంటుమొక్కలతో వస్తాయి. అన్నిటికంటే సులువుగా కత్తెరతో వస్తాయి." ఆ పిల్ల గొంతు పెంచి అందరికీ వినపడేట్టు అడిగింది. "చెట్టు చెట్టుకూ మధ్య కత్తెర మందునీళ్ళలో ముంచుతారా మీరు?"

మా ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"మా కత్తెరకు పూజ చేస్తాం మేడం. స్నానం చేయించం."

ఆ మాటకు బడి గోడ మీద కూర్చున్నవాళ్ళు కూడా కిందికి దిగి నవ్వారు. ఇంత మంచి మాట ఎవరన్నారని వెనకవాళ్ళు ముందువాళ్ళను అడిగి మళ్ళీ నవ్వారు. తరువాత మా ఆయన బొమ్మలో దండం పెట్టే మనిషి వైపు వేలు చూపించాడు.

"బండి ఎవరిది? గనోళ్ళది. గనోళ్ళ బండి దుమ్ముది తప్పని ఎందుకు చెప్తాది? మన తప్పే అంటాది. రేపు మన చెట్లే గనోళ్ళ టిప్పర్లకు అడ్డమొచ్చినాయి అంటాది."

"హౌదు, హౌదు," అని అందరూ తలలూపారు.

ఆ మాటలో తప్పు లేదు. అదే నన్ను కాల్చుకు తిన్నది. బండి ఎవరిదైనా, ఆ పొగ నేను చూశాను.

జనం పోయాక ఆ పిల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. అడగకముందే ఒక డబ్బా చేతిలో పెట్టింది. బ్లీచింగ్ పౌడర్. నీళ్ళలో కలిపి కత్తెర ముంచాలని, తరువాత మంచినీళ్ళతో కడిగి నూనె రాయాలని చెప్పింది.

"దీంతో పసుపు కుంకుమ పోతాయా అమ్మా?"

"పోతే మళ్ళీ పెట్టుకోండమ్మా," అంది.

ఇంటికి పోయే దారిలో గాళెప్ప తోట. టిప్పర్ల రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. దుమ్మంతా ముందు దాని మీదే పడుతుంది. చెట్లు ఇటుకబట్టీలోంచి తీసినట్టు ఉన్నాయి. ఊరిలో అందరికంటే ముందు చచ్చిపోవాల్సిన తోట అది. కంచె పక్కన ఆగి ఒక ఆకును కొంగుతో తుడిచాను. పచ్చగా ఉంది. ఒక కాయ తుడిచాను. నున్నగా ఉంది. ఇంకో చెట్టు, ఇంకో చెట్టు. కొంగంతా ఎర్రనైంది కానీ మచ్చ కనపడలేదు.

"ఏమక్కా, కాయలు ఎన్నుండాయో చూస్తాండావా?" లోపల నుంచి గాళెప్ప కేక వేశాడు.

"నీకు మచ్చ రాలేదా అప్పా?"

"నాకెందుకొస్తాది? నీ మొగుణ్ణి పిలిచినానా నేను?" గాళెప్ప కంచె దాకా వచ్చి ఉమ్మేశాడు. "కాలవ కాడ నా మీదికి లేచిన చెయ్యి నా చెట్టు మీద పడనిస్తానా? నా తుక్కు కత్తెర నాకుండాది. సుమ్నె పో, మాట్లాడకుండా."

గాళెప్పకు తెలివి ఉండి ఆ మాట అనలేదు. వానికి తెలివి ఉందని వాళ్ళ అమ్మ కూడా అనేది కాదు. పాత పగ తీర్చుకోవడానికి అన్నాడు, అంతే. కానీ నేను అక్కడే కంచె పట్టుకుని లెక్క వేశాను. ఊళ్ళో మచ్చ వచ్చిన ప్రతి తోట నుంచీ మా పెట్టెలోకి ఒక తువ్వాలు వచ్చింది. తువ్వాలు ఇవ్వనివాడు గాళెప్ప ఒక్కడే.

మొదట మచ్చ కనపడింది మా తోటలోనే. కిందటేడే ఒక మూల కొన్ని ఆకులకు ఉండింది. మా ఆయన ఆ కొమ్మలు కోసి పారేసి, అదే కత్తెరను తువ్వాల్లో చుట్టుకుని ఊరి తోటలకు బయలుదేరాడు.

ఆ రోజు రొట్టె పెడుతూ చెప్పాను. మా కొడుకు జగదీశ్ కూడా పక్కన కూర్చుని ఉన్నాడు. వాడు టిప్పరు నడుపుతాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా నల్ల కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకునే ఉంటాడు, గని లోపల ఏదో సూర్యుడు ఉన్నట్టు. వాడు బండెక్కిన రోజు నుంచి దూరంగా హారన్ మోగినా చేతిలో పని వదిలి రోడ్డు వైపు పరిగెత్తుతాను.

"ఏమయ్యా, గాళెప్ప తోట చూసినావా?"

"వాని తోట నేనెందుకు చూస్తా?"

"దుమ్మంతా వాని మీదే పడ్తాండాది. ఒక్క మచ్చ లేదు. నువ్వు పోని తోట అదొక్కటే." ఆయన నమలడం ఆపాడు. "కత్తెర ఒక్కసారి కడుగుదాం."

"నా చెయ్యి పాడుదంటావు."

"చెయ్యి కాదయ్యా, కత్తెర."

"రెండూ ఒకటే."

రొట్టె తట్టలోనే వదిలి లేచాడు. జగదీశ్ నవ్వాడు.

"ఎందుకు కొట్లాడ్తారమ్మా? తోట పీకేసి గనోళ్ళు మన్ను పోసుకునే ప్లాటుకిద్దాం. మన్నుకు మచ్చ రాదు, పగల్దు. రోజూ బాడిగ."

ఊళ్ళో కుర్రవాళ్ళందరూ ఇదే మాట. నేల మీద ఏదైనా మొలిస్తే వాళ్ళకు అవమానం.

ఆ రోజు నుంచి నాకు కొత్త భయం పట్టుకుంది. ఆయన నమ్మకపోతే ఊరి తోటలన్నీ పోతాయి. నమ్మితే ఆయనే పోతాడేమో. మంచి చెయ్యి తప్ప ఆయనకు వేరే ఆస్తి ఏముంది? పక్క ఊళ్ళో ఒకాయన తోట పోయిందని పురుగుల మందు తాగాడు. నేను మా మందు డబ్బాలన్నీ మోసుకుపోయి పశువుల కొట్టం అటక మీద, గోనెల కింద దాచాను. రెండు రోజులకు ఆయన ఇల్లంతా వెదికాడు.

"మందు డబ్బాలు యాడ పెట్టినావే?"

"ఎందుకు?"

"ఎందుకేంది? చెట్లకు కొట్టల్ల. నా నోట్లో పోసుకుంటానా?"

ఆ మాట నోటితో అనగలిగినవాడు పోసుకోడని నాకు అప్పుడు తోచలేదు. డబ్బాలు దింపి ఇచ్చాను కానీ, మందు కొట్టి వచ్చేదాకా గట్టు మీద కూర్చునే ఉన్నాను. ఆయన నన్ను చూసి తల కొట్టుకున్నాడు.

మనోజ్ఞ ఫోను అప్పుడే వచ్చింది. మా కూతురిని చోరనూరులో ఇచ్చాం. జొన్న, సజ్జ తప్ప ఎరగని ఇల్లు అది. దానిమ్మ పెడదామని మామను, మరుదులను ఒప్పించి, నీళ్ళు కట్టి, ఆ తోటను మనోజ్ఞే పెంచింది. ఇది మొదటి బహార్.

"నాయనను పంపియ్యమ్మా, దసరా అయినాక. మా మామ ఊరంతా చెప్పుకున్నాడు, నా వియ్యంకుని చెయ్యి పడ్తాది అని."

"కత్తెర మీది వాడుకోండి పాపా. కొత్తది."

"నాయన కత్తెర లేకుంటే ఎట్లమ్మా? దాని కోసమే కదా అందరూ చూస్తాండారు."

నేను పొగ గురించి చెప్పాను. గాళెప్ప తోట గురించి చెప్పాను. నా కూతురు ఓపికగా విని, "నీకు అన్నీ చెడ్డగానే తోస్తాయమ్మా," అంది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట అది. నేను చెడు తలుచుకోవడం వల్లే చెడు ఆగుతోందేమో అని ఒక్కరూ అనుకోరు.

ఆ తోట పోతే చోరనూరులో వేలు ఎవరి వైపు తిరుగుతుందో నాకు తెలుసు. దానిమ్మ అన్నది ఎవరు? కోడలు. చెయ్యి ఎవరిది? కోడలి తండ్రిది.

ఈయన మాత్రం ఫోను వచ్చినప్పటి నుంచి పెళ్ళికొడుకులా తిరిగాడు. కొత్త పంచె ఇస్త్రీ చేయించాడు. నీళ్ళబిందెల దగ్గర ఆడవాళ్ళతో కూడా చెప్పి చూశాను, రోగం కత్తెరతో వస్తోందని. హులిగప్ప పెళ్ళాం హొన్నూరమ్మ బిందె ఎత్తుకుంటూ, "మొగుని మీద ఇంత కోపమా నాగలక్ష్మక్కా," అంది. అందరూ నవ్వుకుంటూ పోయారు. దుమ్ము కథ గని యజమాని మెడకు చుట్టుకుంటుంది. కత్తెర కథ మన మెడకే చుట్టుకుంటుంది, అది ఎవరికి కావాలి?

భాద్రపదంలో ఊరి మగవాళ్ళందరూ కలిసి గని ఆఫీసుకు పోయారు. ముందు మా ఆయన. పొద్దున పోయినవాళ్ళు ఫ్యాను కింద కూర్చోబెట్టారని, చల్లని పెప్సీ ఇచ్చారని చెప్పుకుంటూ వచ్చారు. దుమ్ము లేవకుండా రోడ్డు మీద నీళ్ళు చల్లడానికి ట్యాంకరు పంపిస్తామన్నారట. తోటలన్నీ ఎండిపోయాక రోడ్డుకు నీళ్ళు పెట్టే ఏర్పాటు. దానికి చప్పట్లు కొట్టి వచ్చారు. వ్యాను మళ్ళీ మా ఊరి ముఖం చూడలేదు. ఆ పిల్ల పరీక్ష చేసి రాసింది ఎవరికీ పనికిరాలేదు, గనివాళ్ళకు కూడా.

దసరా ముందు బట్టలు నానబెడుతూ ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. ఒక దానిమ్మ ఆకు ఉంది. రెండు వైపులా తుడిచిన ఆకు. చొక్కా భుజాల మీద, మెడ పట్టీలో ఎర్రదుమ్ము గడ్డకట్టి ఉంది. రోడ్డు మీద నడిస్తే అంటేది అట్లా ఉండదు. కొమ్మల కింద దూరి, ఆకు ఆకూ ఎత్తి చూస్తేనే మీద రాలుతుంది. అంత దుమ్ము మోసే చెట్లు మా ఊళ్ళో గాళెప్ప తోటలోనే ఉన్నాయి. మొన్న పంచాయితీ ఆఫీసులో కూర్చున్నానని చెప్పిన పూట వేసుకున్న చొక్కా అది.

ఆకు తీసి గట్టు మీద పెట్టాను. సాయంత్రానికి అది అక్కడ లేదు. గాలికి పోయిందో, ఆయన తీశాడో.

చోరనూరుకు బస్సులో పోయాం. దారంతా టిప్పర్లు. కొండ ఎక్కే ఘాటు దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది. ప్రతి టిప్పరు ముఖం చూశాను, జగదీశ్‌ది కావచ్చని, కాకూడదని. ఆయన కత్తెరను కొత్త తువ్వాల్లో చుట్టి పసిపిల్లను పట్టుకున్నట్టు ఒడిలో పెట్టుకున్నాడు. నా సంచిలో టెంకాయల కింద, తమలపాకుల కింద, ఆ పిల్ల ఇచ్చిన డబ్బా.

"కడిగినావా?" అని అడిగాను.

ఆయన కిటికీలోంచి కొండ వైపు చూశాడు. సగం కోసిన కొండ అది.

వియ్యంకుడు లక్ష్మన్న పెళ్ళికి పిలిచినట్టు పిలిచాడు జనాన్ని. చెట్లకు పసుపు పూసిన దారాలు కట్టారు. వరసలు వరసలుగా, ఆకు రాల్చిన కొమ్మలతో, ఒక్క మచ్చ లేని తోట. మనోజ్ఞ హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"రా బావా," అన్నాడు లక్ష్మన్న. "నీ చెయ్యి పడితే ఇంక నేను తిరిగి చూసుకోవాల్సిన పనే లేదు."

ఆయన తూర్పు వైపు మొదటి చెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు. తువ్వాలు విప్పాడు. ఎర్రగా, మందంగా, కత్తెర బయటపడింది. వెనక ఉన్నవాళ్ళు చూడడానికి మునివేళ్ళ మీద లేచారు. నేను సంచిలో డబ్బా మీద చెయ్యి వేసి, అంతమందిలో నోరు తెరవడానికి ఊపిరి కూడదీసుకుంటున్నాను. మొగుని మర్యాద తీసిన ఆడది అని చోరనూరంతా చెప్పుకున్నా సరే అనుకున్నాను.

ఆయన ఎడమచేత్తో కొమ్మ చివర మిగిలిన ఒక చిగురును తిప్పి చూశాడు. వెనక వైపు కూడా చూశాడు.

"బావా, నీ కత్తెర ఉందా?"

"నాదెందుకు బావా? నీదానికోసమే కదా ఇంత పండగ."

"నీదే తెప్పించు. వాడనిది."

ఇంట్లోంచి ఒక కత్తెర తెచ్చారు. కొన్న కాగితం కూడా విప్పలేదు. ఆయన దాన్ని తీసి, ఒకసారి తెరిచి మూసి, కొయ్యలేదు. మనోజ్ఞ చేతికిచ్చాడు.

"నువ్వు కోయి పాపా."

"నేనా? నాయనా, నువ్వు కదా..."

"తోట నీది. చెయ్యీ నీదే ఉండల్ల."

మనోజ్ఞ మామ వైపు చూసింది. లక్ష్మన్న ముఖం మాడిపోయింది. వెనక ఎవరో, "ఆడపిల్ల చేత్తోనా," అన్నారు. ఇంకెవరో, "పిలిచి పీట వేసినామని పొగరు," అన్నారు. మనోజ్ఞ కొమ్మ కోసింది. చిన్న చప్పుడు. కొమ్మ దాని పాదాల మీద పడింది.

ఆయన తన కత్తెరను ఏ చెట్టుకూ తగలకుండా మళ్ళీ తువ్వాల్లో చుట్టాడు. ముడి వేయడం చాతకాక రెండుసార్లు విప్పి వేశాడు. నా వైపు చూడలేదు.

భోజనాల దగ్గర లక్ష్మన్న మాతో సరిగ్గా మాట్లాడలేదు. మేం కూడా తొందరగా లేచాం. బస్సులో ఆయన ఒకే మాట అన్నాడు.

"కిటికీ మూయి. దుమ్మొస్తాండాది."

మరునాడు నేను ఆ కత్తెరను మేకు మీద నుంచి తీసి బ్లీచింగ్ కలిపిన తెల్లనీళ్ళలో ముంచాను. పొరలు పొరలుగా ఊడింది. నీళ్ళు ఎర్రనై, నల్లనై, చివరికి ఇనుము కనపడింది. ఆయన వచ్చి చూసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. వద్దనలేదు, సరేననలేదు. ఒప్పుకోవడానికి నోరు రాదు, కాదనడానికి ముఖం చెల్లదు. మా ఇంటి మగవాళ్ళకు ఈ రెండిటి మధ్యలో పెద్ద తోట ఉంది, అందులోనే తిరుగుతుంటారు.

మా దానిమ్మ చెట్లు సంక్రాంతి లోపలే పీకేశాం. జగదీశ్ మాటే నెగ్గింది. ఇప్పుడు అక్కడ మన్ను కుప్పలు. వాడు మెళ్ళో గొలుసు వేసుకుని ఆ కుప్పల మధ్య నిలబడితే, పండించినవాడు కూడా అంత గర్వంగా నిలబడడు.

మళ్ళీ వానలు రాబోయే ముందు హులిగప్ప వచ్చాడు. మిగిలిన కొన్ని చెట్లకు బహార్ పడతాడట.

"ఈసారి దుమ్ముకు ట్యాంకరు ఉంది కదన్నా. నువ్వొచ్చి ఒక కొమ్మ కోసి పోతే చాలు."

"నేను రానప్పా," అన్నాడు మా ఆయన. ఆ ఏడాదంతా అందరికీ అదే చెప్పాడు. టిప్పరు డబ్బు చూసి కొవ్వు పట్టిందని ఊరు అనుకుంది. ఆ మాట ఆయన చెవిన పడింది. పడినా ఊరుకున్నాడు. ఆ పేరు ఆయన మోయగలడు, ఊరికి రోగం అంటించినవాడన్న పేరు మోయలేడు.

"నువ్వు రాకపోతే పోనీ, కత్తెరన్నా ఇయ్యి."

మా ఆయన రోడ్డు వైపు తిరిగాడు. నేను లోపలికి పోయి మేకు మీదున్నది తెచ్చి ఇచ్చాను. నూనె రాసి ఉంచాను, తళతళలాడుతోంది. హులిగప్ప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది కాదక్కా. అన్న కత్తెర."

"అదే."

"అది ఎర్రగుండాది కదా." వానికి అప్పుడు అర్థమైంది. "కడిగినారా ఏంది?"

"నేనే కడిగినా. పట్టుకపో. చెట్టు చెట్టుకూ నువ్వు కూడా కడుగు."

హులిగప్ప కత్తెరను అరుగు మీద మెల్లగా పెట్టాడు, శవం పక్కన ఏదైనా పెట్టినట్టు. మా ఆయన వైపు జాలిగా చూశాడు.

"ఆడోళ్ళ చేతికిస్తే ఇంతే అన్నా."

మా ఆయన అప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

హులిగప్ప అక్కడి నుంచి నేరుగా ఎక్కడికి పోయాడో ఊరికంతా తెలుసు. గాళెప్ప దగ్గరికి. కిందటేడు ఊరంతా ఎండితే గాళెప్ప ఒక్కడిదే కాసింది, కాబట్టి ఇప్పుడు మంచి చెయ్యి గాళెప్పదట. ఆ తుక్కు కత్తెరకు కూడా పసుపు కుంకుమ పట్టాయి. గాళెప్ప తువ్వాలు భుజాన వేసుకుని తోట తోటకూ తిరుగుతున్నాడు. మొట్టమొదట హులిగప్ప తోటలో, ఆ మచ్చల చెట్లలో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోతాడో నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మానేశాను.

చోరనూరులో మనోజ్ఞ తోట శుభ్రంగా కాసింది. మచ్చ లేదు, పగులు లేదు. అయినా లక్ష్మన్నకు తృప్తి లేదు. ఆడపిల్ల చెయ్యి కాబట్టి ఇంతే కాసిందని, మంచి చెయ్యి అయితే ఇంకా కాసేదని నలుగురిలో అంటున్నాడట.

మళ్ళీ దసరా వచ్చి, అయిన మరునాడు లక్ష్మన్న ఫోను చేశాడు. నేనే ఎత్తాను.

"చెల్లెలా, మీ ఊళ్ళో గాళెప్ప అని ఉండాడంట కదా. వాని నంబరు ఇయ్యి. ఈసారి వాణ్ణి పిలిపిస్తాం. కత్తెర తెచ్చుకోమని చెప్పల్ల."

నంబరు లేదందామా, గాళెప్ప ఊళ్ళో లేడందామా, చచ్చిపోయాడందామా అని వెదుక్కుంటున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫోనులో మాట వినపడిందో, నా ముఖం చూశాడో, లేచి వచ్చి ఫోను తీసుకున్నాడు.

"గాళెప్ప వద్దు బావా. నేను వస్తా." కాసేపు అవతలి మాట విన్నాడు. "పోయినసారి పొగరు కాదు బావా. నా కత్తెరలో రోగముండె. ఊరంతటికీ నేనే అంటించినా. పాప తోటకు అంటకూడదని ఊరకుంటి."

అవతల లక్ష్మన్న ఏమన్నాడో నాకు వినపడలేదు. రోడ్డు మీద టిప్పర్లు వరసగా పోతున్నాయి.

"ఊరోళ్ళకు తెలిస్తే తెలియనీ," అన్నాడు ఆయన. "గాళెప్పకు కూడా నేనే చెప్తా. వాడు నా మీద ఉమ్మేస్తాడు, ఉమ్మేయనీ."

ఫోను నా చేతికిచ్చి, దేవుని పటం దాకా పోయి, మేకు మీద నుంచి కత్తెర తీశాడు. వెలుతురులో పెట్టి అంచులు చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"ఆ పిల్ల ఇచ్చిన డబ్బా యాడ పెట్టినావే?"